ధారణ: వరమా, అభ్యాసమా?

అవధాన విమర్శ ధారణాశక్తిని తరచు సరస్వతీ కటాక్షంగా కీర్తించి ఊరుకుంటుంది. కలిసి పదేపదే ఉత్తేజితమయ్యే నాడీకణాల మధ్య బంధం బలపడుతుందని డొనాల్డ్ హెబ్ 1949లో ప్రతిపాదించారు. 1973లో బ్లిస్, లోమో కుందేలు మెదడులోని నాడీసంధులలో అటువంటి బలవృద్ధిని గంటల తరబడి గమనించారు. ఈ దృష్టితో చూస్తే ధారణకు మూలం ఆవృత్తి. హైదరాబాదు పాతబస్తీలోని జామియా నిజామియాలో ఖురాన్ కంఠస్థం చేసే విద్యార్థికీ వల్లెవేతే ఆధారం. అతడు స్థిరపాఠాన్ని నిలుపుకొంటాడు. అష్టావధాని అప్పటికప్పుడు అల్లుతున్న పద్యాలను పాదం వెంట పాదంగా నిలుపుకొంటాడు. అక్కడ యతిప్రాసలు స్మృతికి ఊతాలు. నాడీశాస్త్రం పద్యం గుణాన్ని నిర్ణయించలేదు. అయితే ధారణను వరమనే విమర్శ ఆ విద్యను కొందరికే పరిమితం చేస్తుంది. అభ్యాసంగా గుర్తిస్తే దానిని తరగతిలో బోధించవచ్చు.