ఎండిన నదికి రెండు కథలు

'కల్కి 2898 ఏడీ' సినిమాలో గంగ ఎండిపోయింది. కాశీ ఒక్కటే మిగిలిన నగరం. దాని నెత్తిన తలకిందుల పిరమిడ్‌లా కాంప్లెక్స్. నీళ్లు, చెట్లు, గాలి అన్నీ పైవాళ్లవే. నది ఎందుకు ఎండిందన్నదానికంటే మిగిలిన నీళ్లు ఎవరి గుప్పిట్లో ఉన్నాయన్న దానిమీదే దర్శకుడు నాగ్ అశ్విన్ చూపు.

జె.జి. బల్లార్డ్ 1965 నాటి నవల 'ద డ్రౌట్' చూపు వేరు. అందులో కరువుకి కారణం స్పష్టం. ఫ్యాక్టరీలు ఏళ్ల తరబడి వదిలిన వ్యర్థాలు సముద్రం మీద పలచని పొర కట్టాయి. ఆవిరి లేవదు, మబ్బు పట్టదు, వాన పడదు. దేవుడి కోపమూ లేదు, తోకచుక్కా లేదు. వస్తువులు తయారుచేసుకుని, మిగిలిన మురికిని నీళ్లలో కలిపారు, అంతే.

తమిళనాడులోని వేలూరులో కూర్చుని చదివితే బల్లార్డ్‌ది కల్పన అనిపించదు. ఎగువన వాణియంబాడి, ఆంబూరు, గుడియాత్తం దాటాక పేర్ణాంబట్టు, దిగువన రాణిపేట: అన్నీ టానరీల ఊళ్లే. కిలో తోలు శుద్ధికి 35 నుంచి 40 లీటర్ల నీళ్లు కావాలి. ఆ నీళ్లు రసాయనాలు కలుపుకుని పాలారు నదిలోకి, చేలల్లోకి, బావుల్లోకి దిగాయి. సుమారు 35,000 హెక్టార్ల సాగునేల పూర్తిగానో కొంతమేరకో పాడైందని సుప్రీంకోర్టు 1996 తీర్పులోనే ఉంది. పాలారు ఒడ్డునున్న వేలూరు ఇప్పుడు కావేరి నీళ్లకోసం పైపులు వేసుకుంది.

అయితే కారణం చెప్పేశాక బల్లార్డ్‌కి దానిమీద ఆసక్తి పోతుంది. జనం సముద్రం ఒడ్డుకి చేరి ఉప్పునీళ్లు మరగబెట్టుకుంటుంటే, కథానాయకుడు డాక్టర్ రాన్సమ్ తన మనసులోని ఎడారిలోకి నడుచుకుంటూ పోతాడు. ఆ వచనం అద్భుతం, కాదనను. కానీ మురికి వదిలినవాణ్ణి నిలదీసే మనిషి అందులో నాకు కనబడలేదు. నీళ్లు ఎవరి గుప్పిట్లో ఉన్నాయో చూపడంలో 'కల్కి'దే పైచేయి. దాని హీరో భైరవకి కాంప్లెక్స్‌ని కూల్చాలని లేదు, పది లక్షల యూనిట్లు కూడబెట్టి లోపలికి పోవాలని ఉంది. సినిమాలో అశ్వత్థామ పోరాటాలన్నిటికంటే పదునైన వ్యంగ్యం ఇదే. దాన్నే పట్టుకుని ఉంటే గొప్ప సినిమా అయ్యేది. కానీ భారం పుట్టబోయే అవతారం మీద పెట్టేసి ఊపిరి పీల్చుకుంది.

ఇక్కడ భవిష్యత్తును చూపిన మరో తెలుగు సినిమా 'ఆదిత్య 369' గుర్తుకొస్తుంది. సింగీతం శ్రీనివాసరావు 1991లో మనల్ని 2504కి తీసుకెళ్లి, ప్రపంచయుద్ధం తర్వాత భూమి కింద బతుకుతున్న జనాన్ని చూపించారు. సరిగ్గా అదే ఏడాది వేలూరు పౌరుల సంఘం ఒకటి పాలారు గురించి సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. తెరమీది ప్రళయం ఐదువందల ఏళ్ల దూరాన ఉంటే, వీళ్లది అప్పటికే బావి లోపల ఉంది.

'కల్కి', 'ద డ్రౌట్' రెండు కథలకూ ఇంకో లోపం ఉంది. వాటిలో నది చచ్చిందంటే చచ్చిందే. పాలారు అలా కాదు. 2021 నవంబరులో వరదొచ్చింది. గుడియాత్తంలో పాలారు ఉపనది కౌండిన్య ఒడ్డు ఇళ్లను ముంచింది. ఏళ్ల తరబడి ఇసుక తవ్వుకున్న పాయలో, ఇక రాదనుకుని ఇళ్లు కట్టుకున్న చోట నీళ్లు వచ్చాయి. వాన రాకతో కథ ముగించిన బల్లార్డ్‌కి ఆ వాన ఎవరి ఇంట్లోకి వెళ్తుందన్న ఆలోచన రాలేదు.

కోర్టు సంగతైతే రెండింటిలోనూ లేనే లేదు. 1996లో న్యాయమూర్తి కుల్దీప్ సింగ్, పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని ఈ దేశపు చట్టంలో భాగమన్నది ఈ పాలారు కేసులోనే. 2025 జనవరిలో అదే కోర్టు మళ్లీ పాలారు మీద తీర్పిస్తూ, బాధితులకు పరిహారం ప్రభుత్వం ముందు చెల్లించి కాలుష్యం చేసినవాళ్ల దగ్గర వసూలు చేసుకోమంది. పిటిషన్‌కీ దీనికీ మధ్య 34 ఏళ్లు.