పింగ్ పనితనం

ఇంట్లో సిస్టమ్‌కి నెట్ రాకపోతే మనం మొదట చేసే వైద్యం రౌటర్ డబ్బా ఆపి మళ్లీ వెయ్యడం. చాలాసార్లు అదే పనిచేస్తుంది. పనిచేస్తే ఎందుకు చేసిందో తెలియదు, చెయ్యకపోతే ఎక్కడ చెడిందో తెలియదు. కనెక్షన్ ఇచ్చిన ఆపరేటర్ దగ్గర్నుంచి వచ్చే కుర్రాడు కాస్త పని తెలిసినవాడైతే డబ్బా జోలికి వెళ్లడు. కీబోర్డు ముందు కూర్చుని, నల్లటి కమాండ్ విండో తెరిచి, పింగ్ అని కొట్టి, పక్కన 192.168.1.1 అని రౌటర్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కుతాడు. నాలుగు లైన్లు వస్తాయి. "రౌటర్‌దాకానే పోవట్లేదండీ. మా లైను సంగతి తర్వాత, ముందు మీ కేబుల్ చూద్దాం" అంటాడు. అంత నిబ్బరంగా చెప్పగలిగాడంటే ఆ ఘనత సగం అతనిది, సగం ఆ నాలుగు లైన్లు రాయించిన ప్రోగ్రామ్‌ది.

దాన్ని రాసినాయన మైక్ మూస్. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం, అబర్డీన్‌లో సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లాబొరేటరీలో పనిచేసేవాడు. 1983 జులైలో నార్వేలో జరిగిన ఒక సమావేశంలో డేవ్ మిల్స్ అనే శాస్త్రవేత్త, దారిలో ఎంత ఆలస్యం అవుతోందో కొలవడానికి తాను ఎకో ప్యాకెట్లు వాడుతున్నానని మాటవరసకి చెప్పాడు. ఆ డిసెంబరులో లాబొరేటరీ నెట్‌వర్క్‌కి తిక్క రేగింది. మూస్‌కి మిల్స్ మాట గుర్తొచ్చి, కూర్చుని ప్రోగ్రామ్ రాసేశాడు. అది కంపైల్ అయింది గానీ నడవలేదు. అలాంటి ప్యాకెట్లను ప్రోగ్రాములు నేరుగా పంపుకునే సదుపాయం అప్పటి యూనిక్స్ కెర్నెల్‌లోనే లేదు మరి. ఒళ్లు మండి, ఆ సదుపాయాన్ని కూడా తనే రాసుకుని తెల్లారేలోపు అంతా నడిపించాడు. తీరా మొదటి ప్యాకెట్ పంపేలోపు సహోద్యోగి ఒకాయన చెడిన పరికరాన్ని పట్టుకుని బాగుచేసేశాడు! ఏ జబ్బు కోసం పుట్టిందో ఆ జబ్బును పింగ్ చూడనేలేదు. కాలేజీ రోజుల్లో సోనార్ మీద పనిచేసి ఉండటంతో, సోనార్ చేసే చప్పుడునే దానికి పేరుగా పెట్టాడు. మొత్తం కలిపి దాదాపు వెయ్యి లైన్లు. బర్క్‌లీ యూనిక్స్ వాళ్లు దాన్ని వెంటనే తీసుకున్నారు. ఇవాళ విండోస్, మ్యాక్, లినక్స్ దేంట్లో చూసినా పింగ్ ఉంటుంది.

అది వాడుకున్న నియమం అంతకుముందే ఉంది. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ రాసిన ఐసీఎంపీ అనే నెట్‌వర్క్ ప్రమాణంలో ఒక చిన్న ఏర్పాటు ఉంది. 8వ రకం, అంటే ఎకో ప్యాకెట్ వస్తే, అందులో ఉన్న సామాను ఒక్క బైటు కూడా మార్చకుండా, 0 రకం ప్యాకెట్‌గా పంపినవాడికే తిప్పి పంపాలి. మూస్ తెలివంతా ఆ 'మార్చకుండా' అన్న షరతును వాడుకోవడంలో ఉంది.

ప్యాకెట్ వెళ్లి రావడానికి ఎంతసేపు పట్టిందో తెలియాలంటే, మామూలు ప్రోగ్రామర్ ఏం చేస్తాడు? ఫలానా నంబరు ప్యాకెట్ ఫలానా క్షణంలో బయల్దేరిందని ఒక పట్టిక పెట్టుకుంటాడు. జవాబు రాగానే పట్టికలో వెతుకుతాడు. జవాబు రాని వాటిని ఎప్పుడు కొట్టేయాలో ఇంకో లెక్క. మూస్ పట్టికే పెట్టలేదు. ప్యాకెట్‌లో ఉన్న 56 బైట్ల సామానులో మొదటి 8 బైట్లలో బయల్దేరిన సమయం రాసేశాడు. ప్రయాణికుడి చేతికే బయల్దేరిన టైము రాసిన కాగితం ఇచ్చి పంపినట్టు. తిరిగొచ్చాక ఆ కాగితం చూసి, ఇప్పటి గడియారంలోంచి తీసేస్తే సరి. ప్యాకెట్ దారిలో పోతే దాని లెక్క కూడా దానితోనే పోతుంది, ప్రోగ్రామ్ చేతికి చెత్త అంటదు.

ఈ ఒక్క నిర్ణయంతో ఇంకోచోట కూడా పని తేలికైంది. సెకనుకొకటి పంపే భాగం వేరు, వచ్చినవి అందుకునే భాగం వేరు. రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగవు. పంపే భాగం పక్కన మూస్ ఒక లోపాన్ని తనే రాసిపెట్టాడు: సెకను కచ్చితంగా సెకను కాదు, మెల్లగా జారుతుంది, అయినా ఆలస్యం లెక్కలకీ, పోయిన ప్యాకెట్ల లెక్కకీ దానివల్ల నష్టం లేదు అని. నిజమే, సమయం ప్యాకెట్‌లోనే ఉన్నప్పుడు అది సెకనుకి వెళ్లినా సెకనూపావుకి వెళ్లినా ఒకటే. ఏ లోపం బాగుచెయ్యాలో, ఏది వదిలెయ్యొచ్చో తెలిసినవాడి రాత అది. ఒకే మిషన్ మీద ఇద్దరు పింగ్ నడుపుతుంటే జవాబులన్నీ ఇద్దరికీ అందుతాయి కాబట్టి, ప్రతి ప్యాకెట్‌లో తన ప్రాసెస్ నంబరు వేసుకుని, తనది కానిదాన్ని పక్కన పడేసే ఏర్పాటు కూడా ఉంది.

విండోస్ పింగ్ ప్యాకెట్‌లో టైము ఉండదు. సామాను 32 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాలు ఏ నుంచి డబ్ల్యూ దాకా రాసి, మళ్లీ ఏ నుంచి ఐ దాకా రాసి ఆపుతారు. ఎక్స్, వై, జడ్‌లకి చోటు దొరకలేదు పాపం.

ఇక మన ఇంటి సంగతి. ముందు 127.0.0.1ని పింగ్ చెయ్యమని పుస్తకాలు చెబుతాయి. అది నెట్‌వర్క్ కార్డు దాకా కూడా వెళ్లదు, సిస్టమ్ లోపలే తిరిగొస్తుంది. నా దృష్టిలో ఇంట్లో దానివల్ల ఒరిగేది తక్కువ. అసలు పరీక్ష రౌటర్ నంబరుతోనే. జవాబు వస్తే రౌటర్‌దాకా దారి బాగున్నట్టే. అప్పుడు 8.8.8.8 లాంటి బయటి నంబరు చూసి, ఆ తర్వాత ఏదైనా సైటు పేరు చూడాలి. నంబరుకి వచ్చి పేరుకి రాకపోతే, ఎక్కువసార్లు తప్పు పేరుని నంబరుగా మార్చే డీఎన్‌ఎస్‌ది.

రౌటర్ దగ్గరే ఆగినప్పుడు, ఎలా ఆగిందో చదవాలి. 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అంటే ప్యాకెట్ వెళ్లింది, జవాబు రాలేదు. 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అన్న లైనులో 'రిప్లై ఫ్రమ్' పక్కన ఉన్న నంబరు చూడండి, అది మన సిస్టమ్ నంబరే అయివుంటుంది. రౌటర్ ఎవరో కనుక్కుందామని సిస్టమ్ కేకేసింది, ఎవరూ పలకలేదు, ఆ మాట అది మనకి చెబుతోంది. కేబులో, వైఫై పట్టో, ఆ వైపే వెతకాలి. 'జనరల్ ఫెయిల్యూర్' అంటే ప్యాకెట్ సిస్టమ్ గడపే దాటలేదు. ఐపీకాన్ఫిగ్ కొట్టి చూస్తే 169.254తో మొదలయ్యే నంబరు కనబడొచ్చు. రౌటర్ నుంచి నంబరు అందక, సిస్టమ్ తనకి తనే పెట్టుకున్న నంబరు అది.

ఇక్కడ విండోస్ వాళ్ల మీద ఒక ఫిర్యాదు. మన సిస్టమ్ తనకి తనే ఇచ్చుకున్న ఆ 'అన్‌రీచబుల్' కబురును కూడా వాళ్లు అందిన జవాబు కింద లెక్కేస్తారు. పంపినవి 4, అందినవి 4, పోయినవి 0 అని కింద చూపిస్తారు. ఆ లెక్క ఒక్కటే చూసినవాడు అంతా బాగుందనుకుంటాడు. మూస్ అయితే ఒప్పుకునేవాడు కాదనిపిస్తుంది.

యూనిక్స్ వైపు పింగ్ తర్వాతి రూపాల్లో చేరిన ఒక ఆప్షన్ చూడండి. ప్యాకెట్లను గబగబా కుమ్మరిస్తూ, పంపిన ప్రతిదానికీ తెర మీద ఒక చుక్క పెడుతుంది, వచ్చిన ప్రతి జవాబుకీ ఒక బ్యాక్‌స్పేస్ కొట్టి చుక్క చెరిపేస్తుంది. తెర మీద మిగిలిన చుక్కలెన్నో పోయిన ప్యాకెట్లు అన్ని. లెక్కపెట్టే కోడు ఒక్క లైను కూడా అక్కర్లేదు.

అన్నిటికంటే విసిగించేది వస్తూ పోతూ ఉండే జబ్బు. ఇళ్లలో దీనికి ఒక కారణం కేబుల్ చివర ప్లాస్టిక్ కొక్కెం విరిగి జాక్ వదులైపోవడం. మూస్ పింగ్ గురించి తన వెబ్ పేజీలో చెప్పిన ఒక సంగతి ఇలాంటిదే. ఒకాయన ప్రతి జవాబుకీ కంప్యూటర్ 'పింగ్' అని పైకి అనేలా చేసి, దాన్ని ఆఫీసు స్టీరియోకి కలిపి, భవనమంతా తిరుగుతూ కనెక్టర్లు ఒక్కొక్కటే కదిలిస్తూ వెళ్లాడట. చప్పుడు ఆగిన చోట తప్పు దొరికింది. ఇప్పుడు లినక్స్ పింగ్‌లో 'మైనస్ ఏ' పెడితే చాలు, జవాబు వచ్చినప్పుడల్లా బీప్ అంటుంది. విండోస్‌లో అదే 'మైనస్ ఏ'కి పని వేరు, నంబరుకి పేరు వెతుకుతుంది. కాబట్టి విండోస్ వాళ్లు 'మైనస్ టీ' పెట్టి ఆగకుండా నడిపించి, ఇంట్లో ఒకరిని తెర ముందు కూర్చోబెట్టి "వచ్చింది, పోయింది" అని కేకలెయ్యమని, మంచం కింద దూరి కేబుల్ కదపాలి.