పొట్టలో చుక్క

సూరత్ దగ్గర డుమస్ ఒడ్డున టమాటా భజియా తింటూ ప్రూఫులు దిద్దడం తెలివైన పని కాదు. కాగితానికి నూనె అంటుతుంది, నల్ల ఇసుక సంచి నిండా చేరుతుంది. అయినా ఆదివారం సాయంత్రం నా దగ్గర ఏదో ఒక ప్రూఫు ఉంటుంది. లింబాయత్‌లో మన పద్మశాలి కుటుంబాలు వేయించుకునే శుభలేఖలు, సావనీర్లు. ఒక పక్క తెలుగు, ఒక పక్క గుజరాతీ.

తెలుగు పేజీలో నేను ముందు వెతికేది ‘థ’ పొట్టలో చుక్కని. సిరా కాస్త ఎక్కువైతే అది పూడిపోతుంది, ‘కథ’ ‘కధ’లా కనబడుతుంది. ‘ఠ’లో చుక్క పోతే ‘పీఠం’ కాస్తా ‘పీరం’. శుభలేఖకు ముద్ద అక్షరం నప్పుతుంది, ఉన్నవి నాలుగు ముక్కలే కాబట్టి. సావనీరులో పెద్ద వ్యాసానికీ అదే పెడితే రెండో పేజీకే కళ్లు లాగుతాయి. పొడుగ్గా చదివించే అక్షరంలో సన్నం, లావు రెండూ ఉండాలి. ఇంగ్లీషులో గారమండ్, కాస్లన్, బాస్కర్‌విల్ వందల ఏళ్లుగా పుస్తకాల్లో నిలిచింది ఆ ఒడుపుతోనే. లండన్ టైమ్స్ తన కోసం చేయించుకుని 1932లో వాడుకలో పెట్టిన టైమ్స్ న్యూ రోమన్ అయితే పత్రిక దాటి ప్రతి ఆఫీసులోకీ దూరింది.

ఆ అక్షరాల గీత చివర ఉండే చిన్న కొస, సెరిఫ్, మనకు లేదు. తలకట్టును దానికి జత చేసేవాళ్లున్నారు గానీ నేను ఒప్పుకోను. సెరిఫ్ తీసేసినా అక్షరం అదే. తలకట్టు పోయి గుడి వస్తే పలుకే మారుతుంది. పైగా జ, బ, ల, ణలకు తలకట్టే లేదు. సన్నం-లావు మాత్రం మనకూ అబ్బింది. తాటాకు మీద గంటం గీసేది ఒకే మందం గీత. ఈ వన్నె సిరాతో, సీసపు అచ్చుతో వచ్చింది. 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీ మనుచరిత్రను ఇంగ్లీషు అనువాదంతో ఎదురెదురు పేజీల్లో వేసింది. దానికి ఫియోనా రాస్, జాన్ హడ్సన్ చేసిన తెలుగు అక్షరం చూడండి. పక్కన రోమన్ ఉన్నా మనది చిన్నబోదు. దాని వారసుడే ఇప్పుడు ఉచితంగా దొరికే టిరో తెలుగు.

గుజరాతీ పేజీతో ఇన్ని తిప్పలు లేవు. దేవనాగరిలో నెత్తిన ఉండే గీత వర్తకుల ఖాతాల్లోనే ఊడిపోయింది. కింద వేలాడేవీ తక్కువే. ఆ లిపిని అచ్చులో నిలబెట్టిన ఫర్దూన్‌జీ మర్జ్‌బాన్ మా సూరత్ వాడే, 1787లో పుట్టాడు. బొంబాయి వెళ్లి 1812లో ప్రెస్సు పెట్టాడు, 1822లో ముంబై సమాచార్ మొదలుపెట్టాడు. అది నేటికీ నడుస్తోంది.

మనకు ‘రాష్ట్రం’ ఒక్కటి చాలు, టవత్తు, దాని కింద క్రావడి, వాటి కింద కాచుకున్న తర్వాతి వరస గుడులు. అందుకే వరసల మధ్య ఖాళీ నేను ధారాళంగా వదులుతాను. మొన్న సావనీరు తెచ్చినాయన పేజీలు తిరగేసి, “ఇంత జాగా ఎందుకన్నా, దగ్గరికి జరిపితే నాలుగు పేజీలు మిగలవా?” అన్నాడు. ప్రకటనల పేజీలు నాలుగు తగ్గించుకోమన్నాను. సంఘంలో అడిగి చెబుతానని వెళ్లాడు.