13న ఆగిన తక్‌పట్టీ

బాల్కొండ చుట్టుపక్కల పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తోలేది ఎండాకాలం ముందునుంచే. కొమ్ము వేరు, మండ వేరు. కాంటా అయ్యాక అడ్తి దుకాణంలో కంప్యూటర్ తక్‌పట్టీ తీస్తుంది. తూకం, ధర లెక్క ఉండే ఆ కాగితం చేతిలో పడితేగానీ రైతు ఇంటిదారి పట్టడు.

అలాంటి దుకాణాల ప్రోగ్రాములు చూస్తుంటాను. ఒకచోట 12వ తారీఖు దాకా నడిచింది 13న తెర మీంచి మాయమైపోయింది. "నిన్నటిదాకా మంచిగనే ఉండె అన్నా" అన్నాడు గుమాస్తా. అంతకుమించి అతనేం చెప్పగలడు? చెప్పాల్సింది లాగ్ ఫైలు, చెప్పింది కూడా: 13/02 అనేది తేదీ కాదట. కొత్త కంప్యూటర్‌లో విండోస్ అమెరికా పద్ధతిలో ఉంది, నెలను ముందు చదువుతుంది. 13వ నెల లేదు కాబట్టి ఆగింది. మరి 5/02? దాన్ని కిక్కురుమనకుండా మే 2 అని రాసుకుంది. 13న ఆగకపోతే ఆ పట్టీలన్నీ అలాగే ఉండిపోయేవి.

అందుకే, ఏ లోపం వచ్చినా పట్టేసి లోపల ఏమీ రాయని ఖాళీ క్యాచ్ బ్లాక్ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇలాంటి ప్రోగ్రాములు నడిచే డాట్‌నెట్ మొదటి వెర్షన్లలో వెనక థ్రెడ్‌లో వచ్చిన లోపం చప్పుడు లేకుండా పోయేది. 2005లో వచ్చిన 2.0 నుంచి అలాంటి లోపం ప్రోగ్రామునే ఆపేస్తుంది. సరైన నిర్ణయమనే అంటాను.

విండోస్ ఫార్మ్స్‌లో థ్రెడ్‌ఎక్సెప్షన్ అనే ఈవెంట్ తెర నడిపే థ్రెడ్ లోపాలనే అందుకుంటుంది. మిగతా థ్రెడ్ల కోసం యాప్‌డొమైన్‌లోని అన్‌హ్యాండిల్డ్‌ఎక్సెప్షన్ కూడా పెట్టుకోవాలి. అది చావును ఆపదు, పోయేముందు నాలుగు ముక్కలు రాసుకోనిస్తుంది. సమయం, ప్రోగ్రాము వెర్షన్, విండోస్ తేదీ పద్ధతి, స్టాక్ ట్రేస్ మొత్తం, లోపలి ఎక్సెప్షన్‌తో సహా. రైతు బ్యాంకు ఖాతా నంబరు మాత్రం అందులోకి రాకూడదు. ఫైలును యాప్‌డేటాలో పెట్టాలి; ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో రాయడానికి మామూలు యూజర్‌కు అనుమతి ఉండదు. డేటాబేస్‌లో రాద్దామంటే, తెగింది ఆ కనెక్షనే కావచ్చు.

లోపం పట్టుకున్నాక తూకాల లెక్కను అలాగే సాగనివ్వను, ప్రోగ్రాము మూసేస్తాను. మూసేముందు తెలుగులో ఒక మాట చూపిస్తాను: "ఈ తక్‌పట్టీ సేవ్ కాలేదు. కాంటా చిట్టీ చూసి మళ్లీ ఎక్కించండి." సేవ్ అయిందో లేదో ముందుగా ఖాయం చేసుకున్నాకే ఆ వాక్యం తెర మీదికి రావాలి. లేకపోతే ఒకే రైతు పేర రెండు పట్టీలు పడతాయి.