తల్లి చెప్పిన ‘లేదు’ను ఎంతవరకు నమ్మాలి?

అట్లాంటాకు ఉత్తరాన అల్ఫారెట్టాలో స్థిరపడిన తెలుగు స్త్రీ యాభై ఐదేళ్ల వయసులో కొలెస్టరాల్ పరీక్షకు వెళ్తే, పాతికేళ్ల నాటి కాన్పు గురించి వైద్యులు అడగవలసి ఉంటుంది. అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు 2018లో వెలువరించిన మార్గదర్శకాలు గుండెజబ్బు ముప్పును పెంచే అంశాల జాబితాలో దక్షిణాసియా సంతతిని చేర్చాయి. గర్భధారణలో వచ్చిన ప్రీఎక్లాంప్సియాను కూడా చేర్చాయి. ఇరవై వారాలు దాటాక రక్తపోటు పెరిగి, తరచుగా మూత్రంలో ప్రోటీన్ కనిపించే స్థితి అది. ఇది తీవ్రమై ఫిట్స్ వస్తే మన ఊళ్లలో గుర్రపువాతం అంటారు.

ఆమె కాన్పు గుంటూరులోనో వరంగల్లులోనో జరిగి ఉంటే ఆ కాగితాలు ఇప్పుడు దొరకడం కష్టం. భారత వైద్యమండలి 2002 నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగుల వివరాలను వైద్యులు చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు దాచితే చాలు. కాబట్టి ఇక మిగిలిన సాక్ష్యం ఆమె జ్ఞాపకమే. దానిని ఎంతవరకు నమ్మాలి?

పరిశోధకుల జవాబు మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. పెన్నీ సిమ్‌కిన్ 1990ల ఆరంభంలో ప్రచురించిన అధ్యయనంలో ఇరవైమంది స్త్రీలు తొలికాన్పు గురించి అప్పట్లో రాసుకున్నదానినీ, 15-20 ఏళ్ల తరువాత చెప్పినదానినీ పోల్చి చూశారు. జ్ఞాపకాలు స్పష్టంగానే ఉన్నాయి, చాలావరకు సరిపోయాయి కూడా. బిడ్డ బరువు, కాన్పు జరిగిన తీరు వంటివి దశాబ్దాల తరువాత కూడా తల్లులు బాగానే చెప్పగలరని ఇతర అధ్యయనాలూ తేల్చాయి. నొప్పి సంగతి వేరు. స్వీడన్‌లో వాల్డెన్‌స్ట్రోమ్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, రెండు నెలలప్పుడు చెప్పినదానికంటే ఐదేళ్ల తరువాత నొప్పి తక్కువని చెప్పినవారు దాదాపు సగం మంది. మొత్తం అనుభవమే చేదుగా మిగిలినవారిలో మాత్రం ఆ నొప్పి జ్ఞాపకం అలా తగ్గలేదు.

గర్భధారణలో రక్తపోటు గురించిన జ్ఞాపకంపై వచ్చిన అధ్యయనాలను 2013లో ఒక సమీక్ష క్రోడీకరించింది. ఆ జబ్బు లేనివారు ఉందని చెప్పడం అరుదు. ఉన్నవారిలో మాత్రం చాలామంది లేదన్నారు. అంటే తల్లి ‘ఉంది’ అంటే చాలావరకు నమ్మవచ్చు, ‘లేదు’ అంటే అంత నిశ్చింతగా ఉండలేం.

ఈ ఫలితాన్ని ‘మరుపు’ అని సరిపెట్టడంతోనే నా పేచీ. మరచిపోవాలంటే ముందు తెలిసి ఉండాలి. ‘కాళ్లకు నీరు పట్టింది, ఉప్పు తగ్గించండి’ అన్న మాట తప్ప జబ్బు పేరు చెవిన పడని స్త్రీ ముప్పై ఏళ్ల తరువాత ఆ పేరును ఎలా గుర్తు తెచ్చుకుంటుంది? వైద్యులు ఆ మాటైనా భర్తకో, పుట్టింట్లో తల్లికో చెప్పి పంపడం మనకు కొత్త కాదు. పుట్టిన నక్షత్రం, గడియలు మన తల్లులు తడుముకోకుండా చెప్తారు. జాతకం కోసం ఎవరో అడిగారు, ఎవరో రాశారు, పెళ్లి సంబంధాల నాడు మళ్లీ చూశారు. రక్తపోటు అంకెకు ఆ భాగ్యం దక్కలేదు.

ప్రశ్న అడిగే భాషలోనూ దోషముంది. ‘ఎనిమిదో నెలలో కాన్పయింది’ అని తల్లి సరిగ్గానే చెప్తుంది. మన లెక్కలో ఏడు నిండి ఎనిమిది పడినా ఎనిమిదో నెలే, ఎనిమిది నిండవచ్చినా ఎనిమిదో నెలే. ఈ రెండింటి మధ్య దాదాపు నాలుగు వారాల తేడా. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులకు అది చిన్న తేడా కాదు. వారాల గడి మాత్రమే ఉన్న పత్రంలో ఆ జవాబును ఇరికించేటప్పుడు పొరపాటు జరిగితే, అది జ్ఞాపకం చేసిన తప్పు కాదు.

భారత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పుట్టిన బరువును కార్డు నుంచి గాని, తల్లి మాట నుంచి గాని నమోదు చేస్తుంది. ఏది కార్డు, ఏది మాట అన్నది విడిగా గుర్తిస్తుంది. క్లినిక్ పత్రాలు నేర్చుకోవలసింది ఈ పద్ధతినే. ‘ఉంది’, ‘లేదు’ల పక్కన ‘నాకు చెప్పలేదు’ అనే మూడో గడి కావాలి. జబ్బు పేరుకు బదులు ఆమె అనుభవించినది అడగాలి: బీపీ మాత్రలు ఇచ్చారా? గడువుకు ముందే నొప్పులు తెప్పించారా? ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్లు ఇచ్చారా? కాన్పయ్యాక ఎన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచారు? ఇవి ఒంటిమీద జరిగినవి, పేరు తెలియకపోయినా గుర్తుండే వీలున్నవి.

ఇప్పుడు అల్ఫారెట్టాలో పురుడు పోసుకుంటున్న కూతుళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. జార్జియా చట్టం వైద్యులు రోగి వివరాలను కనీసం పదేళ్లు దాచాలంటుంది. గుండెజబ్బు ప్రశ్న ఎదురయ్యేది అంతకు ఎంతో తరువాత. డిశ్చార్జి పత్రం నకలును బిడ్డ జాతకంతో పాటే భద్రపరచుకోవడం మంచిది. వీలైతే ఊళ్లో ఉన్న అమ్మను కూడా, నక్షత్రం తరువాత, ఆ నాలుగు ప్రశ్నలూ అడగాలి.