ఏ రాయి మీద ఏ రాయి

కర్నూలు నుంచి రెండు రోజుల కారు ప్రయాణానికని ఈ కాలమిస్టు మొదటిసారి వేసుకున్న జాబితాలో పది చోట్లున్నాయి. కొండారెడ్డి బురుజుతో మొదలై మహానంది, అహోబిలం, యాగంటి, బెలుం, తాడిపత్రి, గండికోట, ఒంటిమిట్ట, తిమ్మమ్మ మర్రిమాను మీదుగా లేపాక్షి దాకా పాకింది. లేపాక్షి చేరేసరికి చీకటి పడింది, గుడి తలుపులు మూసేశారు. వేలాడే స్తంభం కింద తువాలు దూర్చి చూడాలన్న ముచ్చట తీరనే లేదు. ఫోన్లో మాత్రం రెండొందల ఫొటోలు మిగిలాయి. ఏ గోపురం ఏ ఊరిదని ఇంట్లో అడిగితే మనిషి నీళ్ళు నమిలాడు.

రెండోసారి ఐదే రాసుకున్నాడు: ఓర్వకల్లు, యాగంటి, బెలుం, తాడిపత్రి, గండికోట. కొట్టేసిన ఆరూ తక్కువవని కాదు. ఈ ఐదింటినీ గుచ్చే దారం ఒకటి దొరికింది. అది రాయి.

కర్నూలులో ఉగ్గాని బజ్జీ తిని నంద్యాల రోడ్డెక్కితే ఎక్కువసేపు పట్టకుండానే ఓర్వకల్లు శిలాతోరణాలు వస్తాయి. నీటి మడుగుల మధ్య, ఎవరో నిలబెట్టి వెళ్ళినట్టుండే గట్టి సిలికా బండలు. చాలామంది ఇక్కడ సెల్ఫీ దిగి కదిలిపోతారు. ఆ రాతిని ఒకసారి అరచేత్తో తడిమి వెళ్ళడం మంచిది. సాయంత్రానికి తగలబోయే రాయికీ దీనికీ తేడా చేతికి తెలియాలి.

బేతంచెర్ల వైపు తిరిగాక నేల స్వభావమే మారుతుంది. పొలం గట్ల మీద ముళ్ళకంచెకు బదులు నిలువునా పాతిన నాపబండలు. ఇంటి గోడ నాపరాయి, అరుగు నాపరాయి, ఆవులు నీళ్ళు తాగే తొట్టి కూడా అదే. పలకలు పలకలుగా లేచే సున్నపురాయి ఇది. దేశంలో చాలాచోట్ల దీన్ని కడప బండ అనే పిలుస్తారు.

దారి పక్క ఒక పల్లెలో దొడ్డిగోడ కడుతున్న పెద్దాయన దగ్గర కారు ఆగింది. మట్టి లేదు, సిమెంటు లేదు. రాయి చేతిలోకి తీసుకోవడం, అటూ ఇటూ తిప్పి చూడటం, పెట్టడం, నచ్చకపోతే తీసి పక్కన వేయడం. పక్కన వేసిన కుప్పే గోడకన్నా పెద్దదిగా ఉంది. బాగున్న రాయిని ఎందుకు పడేశావని అడిగితే ఆయన తలెత్తకుండానే, “బాగుంటే సరిపోతాదా సార్? కింద రాయిని చూసి పెట్టల్ల. ఇది ఈడ కూర్చోదు” అన్నాడు. జేబులోని జాబితాలో లేపాక్షిని ఎందుకు కొట్టేయాల్సి వచ్చిందో కాలమిస్టుకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల గురించి 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. నలభై ఏళ్ళ తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ వాటిని తవ్వి జంతువుల ఎముకలు వెలికితీశారు. 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో రాతి పనిముట్టును గుర్తించి, ఈ దేశపు చరిత్రపూర్వ యుగానికి తలుపు తెరిచిన ఫుట్ ఈయనే. బనగానపల్లె ప్రాంతంలోని జ్వాలాపురం కథ ఇంకా వెనక్కి తీసుకెళ్తుంది. సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద ఇక్కడి లోయలో పొరగా పేరుకుంది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంత ఉత్పాతం తర్వాత కూడా మనుషులు ఇక్కడ మిగిలారన్నది వారి వాదన. ఊరి పేరులో జ్వాల ఉండటం కాకతాళీయమే కావచ్చు, కానీ కారులో అరగంట మాటలకు అది చాలు.

యాగంటిలో రాయి పెరుగుతుంది. అక్కడి నంది ఏటికేడు పెరుగుతోందని, కలియుగాంతాన లేచి రంకె వేస్తుందని వీరబ్రహ్మంగారి పేరున చెప్పుకుంటారు. కొలిచి చూసే పని మనది కాదు. కొండ గుహల్లోకి ఎక్కి, కోనేట్లో కాళ్ళు తడుపుకుని, ఎండాకాలమైతే బనగానపల్లెలో ఆ ఊరి పేరున్న మామిడిపండ్లే కొనుక్కుని ముందుకు సాగడమే. ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

బెలుం గుహలు బయటికి కనబడవు. చదునైన చేలలో బావుల్లాంటి గోతులు, అంతే. లోపల 3,229 మీటర్ల సొరంగాలున్నాయి. అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని పోనిస్తారు. ఫుట్ 1884లో వీటిని ప్రస్తావించాడు. 1980ల మొదట్లో జర్మన్ గుహాన్వేషకుడు గెబావర్ బృందం కొలతలు తీసింది. సందర్శకులకు తెరిచింది మాత్రం 2002లో. గుహ అంటే చల్లగా ఉంటుందనుకుని శాలువా తెచ్చుకున్నవాళ్ళు పది నిమిషాల్లో చెమటతో తడిసిపోతారు. నేల కింద 46 మీటర్ల లోతున పాతాళగంగ. అక్కడ దీపం వెలుగులో గోడను తాకితే ఎక్కడా పదునైన అంచు తగలదు. అంతా సబ్బుముక్క అరిగినట్టు నున్నటి వంపులు. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు స్వల్పంగా ఆమ్లమవుతుంది. సున్నపురాతిని అది పగులు పగులుగా కరిగిస్తుంది. ఆ సొరంగాలన్నీ నీళ్ళు కరిగించుకుపోయిన చోట మిగిలిన ఖాళీలే.

రాత్రి తాడిపత్రిలో బస. పొద్దున్నే పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించారు. అసంపూర్తిగా ఆగిన గోపురాల మీద ముదురు రంగు గట్టి రాయిని శిల్పులు నగల పనిలా చెక్కారు. నాపరాయి అయితే ఆ ఉలికి పొరలుగా ఊడేది. ఊళ్ళోనే ఉన్న చింతల వెంకటరమణుడి గుడిలో గరుడ మంటపం రాతిరథంలా నిలుచుని ఉంటుంది. తాడిపత్రిని చాలామంది సిమెంటు లారీల ఊరుగానే దాటేస్తారు. ఆ సిమెంటూ ఈ సున్నపురాతి బిడ్డే.

తాడిపత్రిని ఒరుసుకుని పారిన పెన్నే గండికోట దగ్గర మళ్ళీ ఎదురవుతుంది. ఎర్రమల కొండల్ని చీల్చుకుని వెళ్ళే ఆ గండి వల్లే కోటకు ఆ పేరు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ 1652లో ఇక్కడికే వచ్చాడు. మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం, పావురాల బురుజు చూసుకుంటూ కోట చివరి బండల దాకా నడవాలి. అక్కడ గోడ లేదు, కమ్మీ లేదు. పిల్లల చెయ్యి వదలకూడదు. ఎండ వాలే వేళకు ఎదుటి గట్టు ఎర్రబడుతుంది. ఎవరో ఇటుకలు పేర్చినట్టు చతురస్రాలుగా పగిలిన రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీనికి ఈ ఊరి పేరే పెట్టి గండికోట క్వార్జైట్ అంటారు. ఇది కరగని రాయి. అందుకే నది దీన్ని పగుళ్ళ వెంట విరుస్తూ, కోస్తూ పోయింది. నిన్న బెలుంలో నున్నగా జారిన వేళ్ళకు ఇక్కడ అంచులు గుచ్చుకుంటాయి. అదే నీరు, రెండు రాళ్ళు. బెలుం చూడకుండా గండికోటకు వచ్చినవారికి ఇది గొప్ప దృశ్యం. చూసి వచ్చినవారికి జవాబు కూడా.

తిరిగొచ్చాక వంటింట్లో టీ పెట్టుకుంటూ కాలమిస్టు పొయ్యి కింది గట్టును మొదటిసారి పరిశీలనగా చూశాడు. నలుపు, నీలం కలిసిన కడప బండ. ఇరవై ఏళ్ళుగా దాని మీదే గిన్నెలు దించుతున్నారు. నిమ్మరసం పడిన చోట చిన్న తెల్లటి మచ్చ, వేలితో రాస్తే నున్నగా తగిలింది.