ల్యాప్‌టాప్ మూసే వేళ

గంటలు పెరిగితే ప్రోగ్రామింగ్ పని పెరుగుతుందన్న లెక్కను నేను నమ్మను. ఈ సంగతి నాకు రైలు నేర్పింది. వికారాబాద్ నుంచి లింగంపల్లికి రోజూ వెళ్లొచ్చే కాలంలో, సాయంత్రం బండి అందుకోవాలంటే ఆ రోజుకు ఏది అవుతుందో, ఏది రేపటికి పెట్టాలో మధ్యాహ్నానికే తేల్చుకోవాలి. టెస్టులన్నీ పాసైన చోట పని ఆపి, మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక వాక్యం రాసిపెట్టి లేచేవాణ్ణి. పొద్దున కూర్చోగానే చెయ్యి సాగేది.

2020లో కరోనా వచ్చాక వికారాబాద్, తాండూరు ఇళ్లలో మేడమీద గదులు ఆఫీసులయ్యాయి. రైలు తప్పింది, దాంతోపాటు పని ముగించే వేళా పోయింది. మేం పనిచేసేది అమెరికావాళ్లతో. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. కాలిఫోర్నియా అయితే రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నర. పొద్దున ఇక్కడి టీముతో స్టాండప్ సమావేశం, రాత్రి అక్కడివాళ్లతో కాల్.

2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం, దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ కట్టాలి, అదీ మూడు నెలల్లో 144 గంటలకు మించకూడదు. తాండూరులో బండల పాలిష్ మిషన్ ఆగితే పని ఆగిందని వాడకట్టంతా తెలుస్తుంది. మా పని అలా వినపడదు. ఆన్‌కాల్‌లో ఉన్నవాడు రాత్రి రెండింటికి లేచి సర్వర్ చూసి పడుకున్నది ఏ రిజిస్టర్‌లో రాస్తారు?

వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అన్నారు. అంతకు రెండేళ్ల ముందే ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి లెక్కలు తీశాయి: వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35–40 గంటలు పనిచేసేవారికన్నా 35 శాతం ఎక్కువ. ప్రాణం సంగతి సరే, కోడ్ సంగతీ అంతే. రాత్రి పదకొండుకు కండిషన్‌లో ఒక్క సమానం గుర్తు జారిపోతుంది. రివ్యూ చేసేవాడూ అలసినవాడే కనుక అతనికీ కనపడదు. మర్నాడు సగం పూట దాన్ని వెతకడానికే పోతుంది. అందుకే కెంట్ బెక్ 1990ల చివర్లో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పద్ధతులు రాసినప్పుడు, టెస్టింగ్, ఇద్దరు కలిసి కోడ్ రాయడం వంటివాటి సరసనే వారానికి 40 గంటల పనినీ చేర్చారు. ఉద్యోగి మీద జాలితో ఇచ్చే సౌకర్యాల్లో దాన్ని కలపలేదు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కొత్తగా చేరే పిల్లలు జీతంతోపాటు కాల్ వేళలు కూడా అడగాలి. ఆన్‌కాల్ రాత్రి తర్వాత పొద్దున సెలవుందా అనీ అడగాలి. అడిగితే చెడ్డపేరు వస్తుందని భయపడతారు. అడిగే భారం మాలాంటి సీనియర్లు మోయాలి. మా టీములో అడిగాం, కాలిఫోర్నియావాళ్లు వారంలో ఒక కాల్‌ను తమ రాత్రికి మార్చుకున్నారు: అక్కడ ఎనిమిదిన్నర, ఇక్కడ మర్నాడు పొద్దున తొమ్మిది. మిగతా వాటి కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాం.